సంక్రాంతి అరిసెల డైరీ: పాకాన్ని తిట్టే ముందు పిండిని తూచండి

శ్రావణం చివర

లక్ష్యం ఒక్కటే. వచ్చే సంక్రాంతికి రెండు కిలోల బియ్యం అరిసెలు ఇంట్లోనే వండాలి. మనం తిని ఊరుకునే రకం కాదు, డబ్బాల్లో సర్ది చుట్టాల ఇళ్ళకి ధైర్యంగా పట్టుకెళ్ళే రకం. ఈలోగా వచ్చే పండగలన్నీ దానికి రిహార్సల్సు.

అరిసెలే ఎందుకంటే, మన పిండివంటల్లో మొండిఘటం అదే. పరమాన్నం చిక్కబడితే కాసిని పాలు పోస్తే సర్దుకుంటుంది. బూరె చితికితే నూనె వడగట్టుకుని, తోపు కాస్త గట్టిగా కలుపుకుని మళ్ళీ మొదలెట్టొచ్చు. అరిసెకి ఆ వెసులుబాటు లేదు. బియ్యం నానబోసిన దగ్గర్నుంచి చెక్కల మధ్య నొక్కేదాకా రోజున్నర పని. తేడా ఎక్కడొచ్చిందో తెలిసేది మాత్రం చివరి రెండు నిమిషాల్లో, మూకుట్లో. అప్పుడు ఎవర్ని అడిగినా ఒకటే మాట: "పాకం కుదర్లేదండీ." లేతైతే విరిగిపోయాయంటారు, ముదిరితే గట్టిపడ్డాయంటారు. ఆ మాట ఎంతవరకు నిజమో చూద్దామనే ఈ రాత.

చేతిలో ఉన్న సరంజామా: అమ్మ ఇచ్చిన కళాయి పూసిన ఇత్తడి గిన్నె, టేకు అరిసెల చెక్కలు, గ్రాముల్లో తూచే చిన్న కాటా, పాకంలో ముంచే థర్మామీటరు. చివరి రెండిటి గురించి తణుకులో ఉన్న మా పిన్నికి ఫోన్లో చెప్తే, "అరిసెలు వండుతున్నావా, మందులు తయారు చేస్తున్నావట్రా?" అంది.

పూతరేకుల జోలికి మాత్రం వెళ్ళట్లేదు. వాళ్ళావిళ్ళూ అడిగారు కాబట్టి రాసి పెడుతున్నాను. బోర్లించిన కుండ మీద పిండినీళ్ళ గుడ్డ ఒక్కసారి లాగి, క్షణంలో రేకు ఊడదీయడం ఆత్రేయపురం ఆడవాళ్ళ చేతి విద్య. 2023లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అది కొనుక్కు తినాల్సిన వస్తువని నా అభిప్రాయం.

వినాయక చవితి

ఉండ్రాళ్ళు, కుడుములు. పెద్ద రాయాల్సిందేం లేదు, ఒక్కటి తప్ప.

గ్లాసు బియ్యపు రవ్వకి రెండు గ్లాసుల నీళ్ళన్నది అందరూ చెప్పే కొలత. ఎసట్లో నానిన శనగపప్పు, జీలకర్ర, ఉప్పు, చెంచాడు నెయ్యి. కొట్లో కొన్న రవ్వకి ఆ కొలత అతికినట్టు సరిపోయింది. ఇంట్లో బియ్యం కడిగి, నీడన ఆరబెట్టి, మిక్సీలో పట్టిన రవ్వకి అవే రెండు గ్లాసులు పోస్తే జావజావగా వచ్చింది. ఉండ నిలబడ్డానికి పొయ్యి మీద ఇంకాసేపు కలియబెట్టాల్సి వచ్చింది. కడిగిన బియ్యం ఆరినట్టు కనిపించింది గానీ లోపల తడి ఉంది. గ్లాసుతో కొలిస్తే ఆ తడి కనపడదు. ఇకనుంచి అన్నీ కాటా మీదే.

దసరా

నువ్వుండలు, పల్లీ చెక్క. రెండిట్లోనూ పిండి లేదు, పాకం ఒక్కటే. పాకాన్ని విడిగా చదువుకోడానికి ఇంతకన్నా మంచి పాఠం దొరకదు.

బెల్లం దగ్గరే ఒక నిర్ణయం తీసుకోవాలి. అనకాపల్లి బెల్లమే రెండు మూడు రంగుల్లో దొరికింది. పసుపుపచ్చగా మెరిసేది కంటికి ఇంపుగా ఉంటుంది, కానీ ఆ మెరుపు కోసం చెరుకు రసం కాచేటప్పుడు హైడ్రోస్ అనే రసాయనం వేస్తుంటారు. ముదురు గోధుమరంగుది తీసుకున్నాను. తరుగుతుంటే కత్తికి అంటుకుని సాగింది. పొడిపొడిగా రాలే బెల్లం కన్నా దీన్లో తేమ ఎక్కువ. రుచి మాత్రం దీనిదే. ములిగీ ములగనట్టు నీళ్ళు పోసి కరిగించి వడగడితే, జల్లెట్లో చెరుకు పిప్పి, చిటికెడు ఇసుక, ఒక చీమ. వడగట్టకుండా నేరుగా పాకం పట్టే వాళ్ళకి నా నమస్కారం.

పాకం ఉడికే తీరు కూర్చుని చూడాల్సిన సంగతి. మొదట పెద్ద పెద్ద బుడగలు లేచి పగులుతాయి, నురగ గిన్నె అంచుదాకా పొంగుతుంది. నీరు ఇగిరేకొద్దీ బుడగలు చిన్నవై దగ్గర దగ్గరగా చేరతాయి. గరిటెకి బరువు తెలుస్తుంది. పక్కన పళ్ళెంలో చన్నీళ్ళు పెట్టుకుని నిమిషానికోసారి చుక్క వేశాను. తొలి చుక్క నీళ్ళలో సాగి, పలచబడి, కరిగిపోయింది. కాసేపటికి వేసింది అడుక్కి దిగి నిలిచింది. వేలితో కూడబెడితే కూడింది గానీ పైకి తీయగానే వేలి మీంచి జారిపోయింది. ఆ తర్వాతది మెత్తటి ఉండ అయింది. రెండు వేళ్ళ మధ్య నొక్కితే చదునైంది, కరగలేదు. అరిసెల పాకం అంటే ఇదే. ఇంకాస్త మరిగితే ఉండ గట్టిపడి గుండ్రంగా నిలిచింది. నువ్వుండలకి అక్కడ దించాలి. పల్లీ చెక్కకైతే చల్లారిన చుక్కని పళ్ళేనికేసి కొడితే టంగుమని విరగాలి.

చక్కెర పాకానికి మిఠాయి పని పుస్తకాల్లో ఉండే లెక్క ఇది: తీగ పాకం 106 నుంచి 112 డిగ్రీల సెల్సియస్, మెత్తటి ఉండ 112 నుంచి 116, గట్టి ఉండ 118 నుంచి 120, పెళుసుగా విరిగే పాకం 146 పైన. బెల్లంలో చక్కెర ఒక్కటే ఉండదు కాబట్టి కాస్త అటూ ఇటూ అవుతుంది. పైగా పెళుసు పాకం దాకా వెళ్ళేసరికి బెల్లం మాడు వాసన మొదలవుతుంది. అందుకే శబ్దం వినపడగానే దించేయడం, ఆ అంకె కోసం కాచుక్కూర్చోకపోవడం.

నా థర్మామీటరు ప్రతిసారీ ఆ లెక్క కన్నా రెండు డిగ్రీలు తక్కువ చూపించింది. ఉత్త నీళ్ళు మరగబెట్టి ముంచితే 98. వస్తువు బాగానే ఉంది. హైదరాబాదు సముద్ర మట్టానికి దాదాపు 540 మీటర్ల ఎత్తున ఉంది. సుమారు 300 మీటర్లు ఎక్కితే నీళ్ళు ఒక డిగ్రీ ముందే మరుగుతాయి, పాకానికీ అదే వరస. కాబట్టి పుస్తకంలో 115 అని ఉంటే ఇక్కడ 113 దగ్గర దించాలి. చన్నీళ్ళ పళ్ళేనికి ఈ గొడవే లేదు. తణుకైనా హైదరాబాదైనా ఉండ ఉండే. ఈ సంగతి పిన్నికి ఇప్పుడే చెప్పదల్చుకోలేదు.

థర్మామీటరు వాడేవాళ్ళకి ఇంకో మాట. పాకం తక్కువగా ఉండి గిన్నె వెడల్పుదైతే పుల్ల మొన పూర్తిగా ములగదు, లేదా అడుగుకి తగులుతుంది. రెండు సందర్భాల్లోనూ అబద్ధమే చెప్తుంది. తక్కువ పాకానికి సన్నటి లోతు గిన్నె తీసుకోవాలి.

దీపావళి

కజ్జికాయలు, సున్నుండలు. ఇవి తడి లేని వంటలు, అందుకే త్వరగా తెమిలాయి.

సున్నుండలకి పొట్టు తియ్యని మినుములు సన్నసెగన కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి మర పట్టించాను. ఛాయ మినప్పప్పుతో రంగు బాగుంటుంది గానీ ఆ వాసన రాదు. బెల్లం తురుము, గోరువెచ్చటి నెయ్యి. చుక్క నీరు తగలదు కాబట్టే నెల రోజులైనా చెడవు.

కజ్జికాయల్లో పచ్చికొబ్బరి లౌజు పెట్టినవి రుచిలో ఫస్టు, నిలవలో లాస్టు. లోపలి తడి మర్నాటికల్లా పైపొరని మెత్తబరిచింది. ఎండుకొబ్బరి, వేయించిన నువ్వులు, పుట్నాల పొడి, చక్కెర కలిపి పెట్టినవి చివరిదాకా కరకరలాడాయి. అంచు సరిగా నొక్కని కాయ ఒక్కటి నూనెలో విచ్చుకుంటే చాలు, రాలిన పొడి మాడి ఆ వాయంతా నల్ల చుక్కలు. మా ఆవిడ చెక్కలో పెట్టకుండా చేత్తోనే అంచు మడత అల్లుతుంది. ఆవిడ చేసిన వాటిలో ఒక్కటీ విచ్చుకోలేదు. చెక్క అచ్చు పక్కన పెట్టేశాం.

కార్తీకం

అసలు పని మొదలైంది. పావుకిలో బియ్యం చొప్పున చిన్న చిన్న వాయలు. పాకం మార్చకుండా పిండి మార్చి చూడడం ఈసారి ఉద్దేశం.

బియ్యం ఒక పూటా ఒక రాత్రీ నానాయి, మధ్యలో నీళ్ళు మార్చాను. వడకట్టి మూడు భాగాలు చేశాను. మొదటిది బుట్టలోంచి నీళ్ళు కారడం ఆగగానే మిక్సీలో వేసేశాను. రెండోది పొడిగుడ్డ మీద అరగంట పరిచాను. మూడోదాన్ని ఫ్యాను కింద రెండు గంటలు వదిలేశాను. పొడిగా ఉన్నప్పుడు 250 గ్రాములున్న బియ్యం మరకి వెళ్ళే ముందు ఇలా తూగాయి: వరసగా 325, 315, 295. ముట్టుకుంటే మూడూ తడి బియ్యమే. కంటికి తేడా తెలిసేది మొదటిది ఒక్కటే, అదీ కాస్త మెరుస్తుంది కాబట్టి.

మూడిటికీ 150 గ్రాముల బెల్లం, ఒకటే పాకం, 113 డిగ్రీలు, నీళ్ళలో మెత్తటి ఉండ.

325 గ్రాముల పిండి పాకంలో పడగానే చలిమిడి జారుడుగా అయింది. ఆకు మీద తడితే పట్టిన ఆకారం నిలవలేదు, మెల్లిగా పరుచుకుంది. నూనెలో వేయగానే అంచులు నురగగా విడిపోయాయి, మధ్యలో చిల్లులు పడ్డాయి, చిల్లుల గరిటెతో ఎత్తబోతే రెండు ముక్కలు. 315 గ్రాములది ముద్దగా కూడింది. వేలికి నెయ్యి రాసుకుని తడితే అంచు పగలకుండా సాగింది, నూనెలో నిదానంగా తేలి ఒకవైపు పొంగింది. 295 గ్రాములది మొత్తం పిండి కలిపేసరికి గరిటె తిరగలేదు. తడుతుంటే అంచంతా పగుళ్ళు. వేగినప్పుడు బాగానే కనపడింది గానీ మర్నాటికి కొరకబోతే పళ్ళు ముందు ఆలోచించుకోవాల్సి వచ్చింది.

ఫొటోలు పిన్నికి పంపాను, పిండి సంగతి చెప్పకుండా. ఆవిడ తీర్పు నిమిషంలో వచ్చింది. మొదటిదానికి "లేత పాకంలో దించేశావు." మూడోదానికి "పాకం ముదరబెట్టావు." రెండోదానికి "ఆఁ, ఇదీ పాకమంటే."

మూడిటికీ ఒకటే గిన్నె పాకం పిన్నీ!

ఇక్కడ కాస్త లెక్క వేయకుండా ఉండలేకపోయాను. కిలో బియ్యానికి 600 గ్రాముల బెల్లం అనుకుందాం. అందులోని తేమా మడ్డీ తీసేస్తే అసలు సరుకు సుమారు 550 గ్రాములు. మెత్తటి ఉండ పాకంలో చక్కెర దాదాపు 85 శాతం, గట్టి ఉండలో 87. అంటే మొదటిదాంట్లో నీరు 97 గ్రాములు, రెండోదాంట్లో 82. మెత్తటి ఉండకి గట్టి ఉండకి మధ్య, అంటే ఇళ్ళల్లో ఇంత హడావుడిగా "దించెయ్ దించెయ్" అని అరుచుకునే ఆ నిమిషంలో, ఇగిరే నీరు 15 గ్రాములు. ఇంకా వెనక్కి వెళ్ళి 80 శాతం ఉండే తీగ పాకంలోనే దించేసినా మెత్తటి ఉండతో తేడా 40 గ్రాములు. అదే పిండిలో చూస్తే? కిలో లెక్కన మొదటి వాయకీ మూడో వాయకీ తేడా 120 గ్రాముల నీళ్ళు.

పొయ్యి దగ్గర ముగ్గురు మనుషులు నిలబడి 15 గ్రాములకి కాపలా కాస్తారు. 120 గ్రాములు గుడ్డ మీద ఎవరూ చూడకుండా ఆరిపోతుంటాయి.

పాకం గొప్పదేం కాదని అనట్లేదు. నీటి లెక్కతో సంబంధం లేకుండా కూడా దానికో పని ఉంది. చల్లారాక బెల్లం ఎంత గట్టిగా పట్టుకోవాలో, అరిసె వంగాలో విరగాలో తేల్చేది పాకమే. కానీ నూనెలో చితకడానికి సగం కేసుల్లో ముద్దాయి పిండేనని ఇప్పుడు నాకు నమ్మకం కుదిరింది.

కార్తీకం, వాయుగుండం రోజులు

బంగాళాఖాతంలో వాయుగుండం. ఇక్కడ కూడా మూడు పూటలుగా ముసురు. పొడిగుడ్డ మీద అరగంట పరిచిన బియ్యం 315కి రాలేదు, 321 దగ్గర ఆగింది. గంట దాటాక గానీ దిగలేదు. గడియారం చూసి ఆరబెట్టడం మానేసి తూకం చూసి మరకి వేస్తే అరిసె మళ్ళీ మామూలుగా వచ్చింది. "అరగంట ఆరబెట్టండి" అనే మాట ఏ నెలలో రాశారో కూడా రాస్తే బాగుండేది.

నెల పట్టాక

లెక్కలన్నీ పిన్నికి చదివి వినిపించాను. 15 గ్రాములు, 120 గ్రాములు, అన్నీ. చివరిదాకా ఓపిగ్గా విన్నది.

"అయితే పిండి చూసుకోకుండా పాకం పొయ్యెక్కించావా?"

"అంటే?"

"ముందు పిండి పిడికిట్లో పట్టి చూడాల్రా. పట్టు వదిలితే ఉండ నిలవాలి, వేలితో పొడిస్తే పొడిగా విరగాలి. తడి ఎక్కువుందనుకో, పాకం ఇంకాస్త ముదరనిస్తా. ఆరిపోయిందనుకో, లేతలోనే దించేస్తా. పైగా పిండంతా పోసేస్తారా ఎవరైనా? దోసెడు పిండి పక్కన ఉంచుకోవాలి. పాకం ఎంత అడిగితే అంతే పోయాలి."

ఆవిడ "పాకం కుదిరింది" అన్నప్పుడల్లా అందులో పిండి కూడా ఉందన్నమాట. నేను రెండుగా విడదీసి తూచినవి ఆవిడ చేతిలో ఎప్పుడూ ఒకటే పని. మాకు ఆ వంట చెప్పినప్పుడు మాత్రం పాకం ముక్కే చెప్పారు, పిడికిలి ముక్క చెప్పలేదు. ఎందుకు చెప్పలేదని అడిగితే, "అదీ చెప్పాలా?" అంది.

పిడికిలి పరీక్ష చేసి చూశాను. 325 పిండి వేలికి తడిగా అంటింది, పొడిస్తే విరగలేదు, నొక్కుకుంది. 315 సరిగ్గా ఆవిడ చెప్పినట్టే విరిగింది. 295 పిడికిలి విప్పగానే రాలిపోయింది. కాటా చెప్పిందీ పిడికిలి చెప్పిందీ ఒకటే. తేడా వస్తే దేన్ని నమ్మాలన్న ప్రశ్న ఇంకా రాలేదు. వస్తే నేను పిడికిలి వైపే.

కలుపుతున్నప్పుడు సర్దుకునే చిట్కాలు కూడా ఆవిడ దగ్గర్నించి రాసుకున్నాను. జారితే పక్కన ఉంచిన పిండి, అదీ చాలకపోతే గుప్పెడు గోధుమపిండి. బిగిసిపోతే వెచ్చటి పాలు చిలకరించి మర్దించడం. గోధుమపిండి వేసిన వాయ చితకలేదు, నిజమే, కానీ నమిలితే చపాతీ ఛాయ తగిలింది. ఆపద్ధర్మానికి ఓకే.

పుష్యం, పండక్కి ముందు వారం

కొత్త బియ్యం వచ్చాయి. ఖరీఫ్ కోతల తర్వాత ఆడించినవి, ఊరి నుంచి తెప్పించాం. కొత్త బెల్లం కూడా బజారులోకి దిగింది. సంక్రాంతికే అరిసెలు ఎందుకో ఈ రెండూ చేతిలోకి తీసుకుంటే ఎవరూ చెప్పక్కర్లేదు. కొత్త బియ్యం అన్నం వండితే ముద్దవుతుందని తిడతాం, చలిమిడికి కావాల్సింది సరిగ్గా ఆ జిగురే. పాత బియ్యంతో చేసిన కార్తీకం వాయల కన్నా చలిమిడి బాగా సాగింది, అంచు పగుళ్ళు తగ్గాయి.

అయితే కొత్త బియ్యంలో మొదటే తేమ ఎక్కువ. కిలో కొంటే అందులో నీళ్ళూ కొన్నట్టే. కాబట్టి 250కి 315 అన్న నా లక్ష్యం కాస్త కిందికి జరిగి 310 దగ్గర స్థిరపడింది. పిడికిలి కూడా అక్కడే ఒప్పుకుంది. ఇంకో రెండు చిన్న సవరణలు: పిండి జల్లించాక మిగిలిన రవ్వని మళ్ళీ మిక్సీలో వేయడం మానేశాం, ఎందుకంటే ఆ వేడికి అది ఆరిపోయి మిగతా పిండితో కలవట్లేదు. అది దోసెల్లోకి పోతోంది. జల్లించిన పిండిని వెంటనే గిన్నెలో నొక్కిపెట్టి మూత వేస్తున్నాం.

భోగికి రెండు రోజుల ముందు

రెండు కిలోలు. ఒకేసారి కాదు, కిలో చొప్పున రెండు విడతలు. ఎక్కువ పాకం పడితే పిండి కలిపేలోగా చల్లారి బిగుసుకుంటుంది, ఇంట్లో ఉన్నవి నాలుగు చేతులే.

తెల్లవారుజామున బియ్యం వడకట్టాం. చలికాలపు పొడిగాలికి పాతిక నిమిషాల్లోనే కిలో బియ్యం 1,240కి దిగాయి. వాయుగుండం రోజుల్లో గంటైనా దిగని తూకం ఇది. మా ఆవిడ మిక్సీ, నేను జల్లెడ. 600 గ్రాముల బెల్లం కరిగించి వడగట్టి పొయ్యి మీద పెట్టాం. థర్మామీటరు 110 దాటాక సెగ తగ్గించాను. చన్నీళ్ళ పళ్ళెం కూడా పక్కనే ఉంది. 113 దగ్గర వేసిన చుక్క మెత్తగా ఉండ కట్టింది. రెండు గరిటెల నెయ్యి, యాలకుల పొడి, వేయించిన నువ్వులు పడేసి గిన్నె కిందికి దించాం.

ఇక్కడ ఇద్దరు ఉండాల్సిందే. ఒకరు పిండి వానలా రాలుస్తుంటే ఇంకొకరు తెడ్డుతో ఆపకుండా తిప్పాలి. మొదటి సగం పిండి పాకంలో మాయమవుతుంది, ఏమీ వేయనట్టే ఉంటుంది. ఆ తర్వాత ఒక్కసారిగా తెడ్డు బరువెక్కుతుంది. అక్కణ్ణించి గుప్పెళ్ళ లెక్క. తెడ్డు ఎత్తితే చలిమిడి తెగకుండా మందంగా జారి, జారినచోట ఆకారం కాసేపు నిలిచి మెల్లిగా సర్దుకుంది. అక్కడ ఆపాం. పక్కన రెండు గుప్పెళ్ళ పిండి మిగిలింది. చల్లారేకొద్దీ ఇంకా బిగుస్తుంది కాబట్టి కాస్త మెత్తగా ఉండగానే ఆపడం మేలు. పైన నెయ్యి రాసి తడిగుడ్డ కప్పాం. పిల్లలు ఆ గుడ్డ కింద చెయ్యి పెట్టి తిన్న పచ్చి చలిమిడి లెక్కలోకి రాదు.

గోరువెచ్చగా అయ్యాక నిమ్మకాయంత ఉండలు, అరిటాకు ముక్క మీద నెయ్యి రాసి మధ్యవేళ్ళతో తట్టడం. మధ్యలో పలచన, అంచు మందం అవుతుంటుంది, అంచుని వేలితో లోపలికి తోసి సమం చేయాలి. నూనె 160 డిగ్రీల చుట్టూ ఉంచాం. ఎక్కువైతే బెల్లం పైన నల్లబడి లోపల పచ్చిగా ఉంటుంది, తక్కువైతే నూనె తాగుతుంది. అరిసె మొదట అడుక్కి పోయి, లేచి, ఒక పక్క పొంగాక తిప్పడం. రెండుసార్లు తిప్పాల్సిన పని లేదు.

నూనెలోంచి తీసిన అరిసె మెత్తగా వాలిపోయి ఉంటుంది. అది చూసి పచ్చిగా ఉందనుకుని మళ్ళీ మూకుట్లో వేస్తే గట్టిపడుతుంది. చిల్లుల గరిటె మీంచి నేరుగా చెక్క మీదికి, పైన రెండో చెక్క, రెండు చేతులతో ఒక్క నొక్కు. టేకు చెక్కల గాళ్ళలోంచి నూనె సన్నగా కారి కింది గిన్నెలో పడుతుంది, నువ్వులు పైకి తేలి అరిసె మీద ముద్ర పడతాయి. ఆలస్యం చేసి నొక్కితే విరుగుతుంది. గట్టిగా నొక్కితే పొరల మధ్య గుల్లతనం పోయి అట్టముక్క అవుతుంది. ఎంత నొక్కాలన్నదానికి కాటా లేదు. నాలుగు నొక్కాక చేతికే తెలిసింది.

రెండు విడతలూ కలిపి తొంభై పైచిలుకు వచ్చాయి. చితికినవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, అవీ నూనె బాగా కాగక ముందు వేసిన మొదటి వాయలోవి. చల్లారేదాకా ఒకదాని మీద ఒకటి పేర్చకుండా కాగితాల మీద పరిచాం. హాలంతా అరిసెలే. ఆ పూట ఎవరూ నడవడానికి లేదు.

కనుమ, తణుకులో

గోదావరి జిల్లా నుంచి హైదరాబాదుకి అరిసెల డబ్బాలు రావడం లోకరీతి. మేం ఎదురు పట్టుకెళ్ళాం.

పిన్ని అరిసె చేతిలోకి తీసుకుని ముందు వంచింది. వంగి, చివర్న విరిగింది. విరిగినచోట పొరలు చూసింది. తిన్నాక, "నువ్వులు ఇంకాస్త పడాల్సింది," అంది. పిండి గురించీ పాకం గురించీ మాట లేదు. మా ఆవిడ నావైపు చూసి కళ్ళెగరేసింది.

థర్మామీటరు కూడా పట్టుకెళ్ళాను. పిన్ని వంటింట్లో టీకి పెట్టిన నీళ్ళలో ముంచితే 100 చూపించింది. హైదరాబాదులో 98, ఇక్కడ 100, కాబట్టి నీ 115 నా 113 అని వివరించాను. "చన్నీళ్ళలో చుక్క వేసుకుంటే పోయేదానికి," అంటూ టీ పొడి వేసింది. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు, దసరాకి నేను రాసుకున్నదీ అదే.

ఆవిడ పిండి కూడా తూచాను, అడిగి. బియ్యం నానబోసే ముందు కిలో, మరకి వెళ్ళేముందు 1,255. ఆవిడెప్పుడూ తూచలేదు. ఆ వాయకి పాకం నా కన్నా ఒక చిటికెడు ముదరనిచ్చింది. అరిసెలు నావాటికన్నా కాస్త ఎక్కువ వంగాయి. కారణం నువ్వుల నూనె కలిపి వేయించడమా, కట్టెల పొయ్యి సెగా, ఇంకేదైనానా అన్నది విడదీయాలంటే ఇంకో సంక్రాంతి కావాలి.

మాఘం

మిగిలిన అరిసెలు స్టీలు డబ్బాలో ఉన్నాయి. పదిహేను రోజులు దాటినా వాసన మారలేదు, అంచులు మాత్రం కాస్త గట్టిపడ్డాయి. గిన్నెలో పెట్టి అన్నం మీద ఒక్క క్షణం ఆవిరి పట్టిస్తే మళ్ళీ మెత్తబడుతున్నాయి. పాలలో ముంచుకుని తినే వాళ్ళకి ఆ పని కూడా లేదు.

తర్వాతి వంతు ఉగాది బొబ్బట్లది. అక్కడా అందరూ తిట్టేది పైన మైదానే, "తోపు సాగలేదు" అని. నా అనుమానం పూర్ణం మీద. శనగపప్పు ఉడికించి వడకట్టాక ఎంత తూగుతోందో రాసుకోవడం మొదలుపెట్టాను. పావుకిలో పప్పు ఒకసారి 540 గ్రాములు తూగితే, ఇంకాస్త మెత్తగా ఉడికినప్పుడు 590 వచ్చింది. ఆ 50 గ్రాముల నీళ్ళూ బెల్లం వేసి దగ్గరికి తిప్పేటప్పుడు పోవాల్సిందే, లేకపోతే పూర్ణం ఉండ కట్టదు. వడకట్టిన కట్టుతో వారానికి రెండుసార్లు చారు పెడుతున్నాం. ఇంట్లో వాళ్ళు ప్రస్తుతానికి ప్రాజెక్టులో ఆ భాగాన్ని మాత్రం ఆపొద్దంటున్నారు.